కోల్డ్ స్టోరేజీలో నవ్వు

అసిస్టెంటు నవ్వకుండా ఉండాల్సింది. మనిషి పోయినచోట నవ్వకపోతే తిన్నది బయటికొస్తుందంటాడు డిటెక్టివ్. నిజమే కావచ్చు. కానీ పోయినవాడి భార్య గుమ్మంలోనే ఉందని అసిస్టెంటు చూసుకోలేదు.

"మండుటెండల్లో ఇంత చల్లటి చావు ఎవడికి దొరుకుతుందోయ్?" అన్నాడు డిటెక్టివ్. అసిస్టెంటు కిసుక్కుమన్నాడు. ఆమె చూపు అతని వీపులో దిగింది.

చేపలు నిల్వచేసే మంచుగది అది. ఆమె భర్త అందులో కూలీ. తాగి లోపలే పడిపోయాడన్నాడు మేనేజరు. పోలీసులు సరేనన్నారు.

"మా ఆయన చుక్క ముట్టడు," అందామె. "ప్రాణం ఎలాగూ పోయింది. పరువన్నా మిగల్చండి."

గది బయట కొక్కేనికి అతని స్వెట్టరు వేలాడుతోంది. లోపలినుంచి బయటి గడియ తీసే గొలుసు ఎన్నాళ్లక్రితమో తెగిపోయింది. తలుపుకున్న చిన్న అద్దాన్ని మంచు కమ్మేసింది. తలుపు లోపలివైపు పేరుకున్న మంచులో చెప్పు అడుగు ముద్రలు, ఒకదానిమీద ఒకటి.

"చెప్పులు ఎక్కడ దొరికాయమ్మా?"

"కాళ్లకే ఉన్నాయి. నేనే విప్పాను."

డిటెక్టివ్ తలుపు మూసి, అసిస్టెంటుకి కన్నుగీటాడు. "ముద్రల సంగతి మనిద్దరికే."

అందరినీ ఆఫీసుగదిలో కూర్చోబెట్టాడు. ముందురోజు సాయంత్రమే ఇంటికెళ్లాననీ, శవాన్ని చూసే ధైర్యం లేక గదిలోకే వెళ్లలేదనీ అన్నాడు మేనేజరు. పొద్దున తోయగానే తలుపు తెరుచుకుందనీ, శవాన్ని తప్ప ఇంకేమీ చూడలేదనీ అన్నాడు వాచ్‌మన్.

"పాపం, అన్ని చేపలున్నాయి, ఒక్కటీ సాయం రాలేదు," అన్నాడు డిటెక్టివ్.

మేనేజరుకి హుషారొచ్చింది. "చెప్పు తీసి తలుపుని ఎడాపెడా వాయించాడు సార్, దానికీ సిగ్గు రాలేదు!"

నవ్వింది అతనొక్కడే.

"చెప్పుతో అని నీకెలా తెలుసు?" డిటెక్టివ్ గొంతులో హాస్యం చచ్చిపోయింది. "చెప్పు మళ్లీ తొడుక్కునే పోయాడతను. స్వెట్టరు బయటే వదిలేసి ఎవడూ మంచుగదిలో పనికి దిగడు. ఒక్క నిమిషమని లోపలికి పంపి గడియ పెట్టావు. అద్దానికి మంచు కమ్మేదాకా అందులోంచి చూశావు. తెల్లారేలోగా వచ్చి గడియ తీశావు."

"గొలుసు తెగిందని పైవాళ్లకి చెబుతానన్నాడు సార్... కాసేపు బుద్ధి చెబుదామనే..."

"కాసేపా!" డిటెక్టివ్ పిడికిలికి బల్ల అదిరింది. "మేం చూడలేక నవ్వుతాంరా. నువ్వు చూడ్డానికే నిలబడ్డావు!"

వాచ్‌మన్ పోలీసులకి ఫోన్ చేశాడు.

బయటికొచ్చాక డిటెక్టివ్ సిగరెట్ వెలిగించబోయాడు. గీసిన పుల్ల ఊదేసి, సిగరెట్ జేబులో పెట్టుకున్నాడు. కేసు ముగిశాక చివరి జోకు అసిస్టెంటే వెయ్యాలి, అది వాళ్ల అలవాటు. "కానీవోయ్, నీ వంతు," అన్నాడు, బతిమాలుతున్నట్టు.

అసిస్టెంటు వెనక్కి నడిచాడు. కొక్కేనికున్న స్వెట్టరు తీసి, దాని చేతులు లోపలికి మడిచి, రెండు చేతులతో పోయినవాడి భార్యకి అందించాడు.