బండ ఎవరి ఖర్చు?

సడ్‌బరీ పట్టణంలో పునాది తవ్వితే బండ తగలడం వింత కాదు. దాన్ని పేల్చే ఖర్చు ఎవరిదన్నదే ఇక్కడ ప్రతి ఒప్పందంలోనూ అసలు బేరం. ఆ బేరం ముందే తేల్చుకున్నానని ఐలీ కోస్కెలా నమ్మింది. అలాంటిది, ఇప్పుడు ఆ ఒప్పందం కాగితాలు పట్టుకుని ప్రైవేట్ డిటెక్టివ్ వెర్నా హాస్లెట్ ఆఫీసుకు రావాల్సొచ్చింది.

ఐలీది బ్రెడ్డు దుకాణం. దాని వెనక కొత్త వంటశాల కట్టే పని కాంట్రాక్టరు రెజాన్ తిబోకు ఇచ్చింది. బండ తగిలితే ఖర్చు కాంట్రాక్టరుదేనని రాయించుకున్నాకే సంతకం చేసింది. తీరా బండ తగిలాక చూస్తే, మూడో పేజీలో ఆ ఖర్చు యజమానిదని ఉంది. కింద, అన్ని పేజీల్లో లాగే, ఇద్దరి పొట్టి సంతకాలూ ఉన్నాయి. కట్టకపోతే కోర్టుకెళ్లి దుకాణం అమ్మిస్తామని నోటీసు కూడా వచ్చింది.

"చదవకుండా సంతకం పెట్టే మనిషిని కాదమ్మా. పిండి బస్తా కొన్నా తూకం వేయించుకుంటాను," అంది ఐలీ.

వెర్నా ఈ వృత్తిలోకి రాకముందు చాలా ఏళ్లు ఇళ్లు కట్టే సామాను అమ్మింది. సరుకు ఎన్ని చేతులు మారిందో ముందు తెలుసుకోవడం ఆమెకు అప్పటి అలవాటు. ఈ కాగితాలు ఎప్పుడైనా దుకాణం దాటాయా అని అడిగింది. బండ బయటపడిన మర్నాడు, రెజాన్ దగ్గర పనులకు ధర లెక్కగట్టే భాగస్తుడు మార్క్ డ్యుకెట్ వచ్చి, నగర కార్యాలయంలో చూపించాలని తీసుకెళ్లి మళ్లీ తెచ్చిచ్చాడట. ఒప్పందానికి రెజాన్ వైపు ప్రతి కూడా మార్క్ ఆఫీసులోనే ఉంటుందట.

"అయితే అతనే, మేడమ్," అన్నాడు వెర్నా సహాయకుడు గార్త్.

"రెజాన్ పంపించి ఉండొచ్చుగా. లాభం ఇద్దరిదీ," అంది వెర్నా.

సంతకాలు ఎక్కడ జరిగాయని అడిగితే, పని స్థలంలోనే అంది ఐలీ. తవ్వబోయే నేల మీద నిలబడి తప్ప రెజాన్ సంతకం చేయడు, చేయనివ్వడు. రెండు చెక్క గుర్రాల మీద ఒక బోర్డు వేయిస్తాడు. ఆ రోజు గాలి ఎక్కువగా ఉండి, ఒక్కో కాగితాన్నీ విడిగా బోర్డుకు అదిమిపట్టుకుని సంతకాలు పెట్టారు. మార్క్ ఆ రోజు రాలేదు.

వెర్నా, గార్త్ అక్కడికి వెళ్లేసరికి రెజాన్ ఎడమచేత్తో కాఫీ తాగుతున్నాడు. కుడిచేతికి వేళ్ల దాకా సిమెంటు కట్టు ఉంది. సంతకాలయ్యాక, తవ్వకం మొదలుకాకముందే నిచ్చెన మీంచి పడ్డాడట. బండ ఖర్చు తమదేనని తనకు గుర్తు, కానీ కాగితం అలా చెప్పడం లేదు, తాను కాగితం మాటే వింటానన్నాడు. వెర్నా ఆ బోర్డును అరచేత్తో తడిమింది. చెక్క పేళ్లు అదిమి చేసిన రకం, గరుకుగా ఉంది.

మర్నాడు అందరినీ ఐలీ దుకాణానికి పిలిచింది.

"సంతకం ఆవిడదేగా, ఇంకా పంచాయితీ దేనికి మేడమ్?" అన్నాడు మార్క్. "మతిమరుపుకు మందు మేం అమ్మం."

వెర్నా కాగితాలు రెజాన్‌కిచ్చి, సంతకాల వెనకవైపు బొటనవేలితో తడమమంది. మొదటి పేజీ, రెండు, నాలుగు: కలం పేళ్ల మీద ఎగుడుదిగుడుగా నడిచిన గీతలు వేలికి తగిలాయి. మూడో పేజీ అద్దంలా నున్నగా ఉంది. అతని ప్రతిలోనూ అంతే.

"మూడో పేజీ మీ బోర్డు మీద సంతకం చేసింది కాదు. ఎవరో బల్ల ముందు కూర్చుని ఇద్దరి సంతకాలూ చూసి దింపారు," అంది వెర్నా.

మార్క్ భుజాలెగరేశాడు. "అందులో ఆయన సంతకమూ ఉంది. ఆయన్నే అడగండి."

"నువ్వు దొరికింది అక్కడే బాబూ. బండ బయటపడకముందు పేజీ మార్చే అవసరం ఎవరికీ లేదు. బయటపడేసరికి ఆయన కలం పట్టలేడు. ఆ తర్వాత రెండు ప్రతులూ ఉన్నది నీ దగ్గరే."

రెజాన్ కాగితాలు కింద పెట్టాడు. "నువ్వు వేసిన ధర తప్పితే నష్టం నీ వాటాలోంచి అనుకున్నాం. అందుకేనా మార్క్?"

"ఒక్క రాయికి నా ఏడాది కష్టమంతా పోవాలా?" అన్నాడు మార్క్.

మార్క్ వెళ్లాక రెజాన్ దుకాణం వెనక పని స్థలంలో మళ్లీ బోర్డు వేయించాడు. మూడో పేజీ పాత షరతుతో మళ్లీ రాయించి, ఎడమచేత్తో సంతకం చేశాడు.

ఐలీ ఆ పేజీ రెండుసార్లు చదివింది. "మీ సంతకం మరీ వంకరగా ఉంది రెజాన్."

"ఉండనివ్వండి. దీన్ని దింపడం ఎవడివల్లా కాదు."

అప్పుడామె కాగితాన్ని బోర్డుకు గట్టిగా అదిమి కలం తీసుకుంది.