నీలం స్వెట్టరు పాఠం

సోమవారం పొద్దున్న ఎనిమిదయ్యేసరికి తౌనో కాఫీ ముగించి, ఉన్ని మేజోళ్లు పైకి లాక్కుని, వంటింటి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎదురుగా బల్ల మీద ట్యాబ్లెట్. ఇంకాసేపట్లో అందులోకి ఆయన భార్య ఇర్మా వస్తుంది. ఇర్మా పోయి ఆరు వారాలైంది.

ఇర్మాతో ఆ వీడియోలు తీసింది కూతురు మెర్వి. "అమ్మతో కుర్చీ వ్యాయామం" అంటే ఫిన్లాండంతా ఎగబడి చూస్తారు. జనానికి వారానికొకటి వెళ్లినా, చివరి ఆరూ తీసింది మాత్రం ఒక్కరోజే. పాఠానికొకటి మార్చి ఆరు పాఠాలు, ఆరు స్వెట్టర్లు. నాలుగు రోజులకే ఇర్మా గుండె ఆగింది. మెర్వి చూసేవాళ్లెవరికీ చెప్పలేదు, వారం వారం వెళ్లేలా ముందే పెట్టిన వీడియోలనూ ఆపలేదు. "ఇర్మా ఇవాళ ఎంత కళగా ఉందో" అని వాటి కింద జనం రాస్తుంటే మెర్వి చదవలేకపోయేది.

"ఇవాళ్టిది రాదు నాన్నా. ఆపేశాను," అంది మెర్వి గుమ్మంలో నిలబడి.

"ఎవర్నడిగి ఆపావు? చివరిది కదే!"

"లేని మనిషితో ఏం వ్యాయామం? అమ్మ ఉన్నన్నాళ్లూ ఆమెతో కలిసి ఒక్కరోజైనా చెయ్యెత్తావా?"

తౌనో మొహం పాలిపోయింది. అనకూడని మాట అనేశానని మెర్వికీ తెలిసింది. ఏడుస్తూ పక్కన కూలబడింది.

"ఇవాళ్టి దాంట్లో అమ్మ చేతులెత్తలేక 'చాలే' అని కుర్చీలో వాలిపోయింది నాన్నా. నేను 'ఇంకో ఐదమ్మా' అన్నాను. ఆ ముక్క కత్తిరించేశాను. అయినా నా గొంతే నా చెవుల్లో తిరుగుతోంది."

"కెమెరా దగ్గర నిలబడింది నేనే కదా తల్లీ. చాలించండర్రా అని నేను మాత్రం అన్నానా?" తౌనో ఆమె తల నిమిరాడు. "పెట్టు. కత్తిరించకుండా పెట్టు."

తెర మీద నీలం స్వెట్టర్లో ఇర్మా ఆయాసపడుతోంది. "చాలే."

"ఇంకో ఐదమ్మా!"

ఇర్మా కెమెరా పక్కకు చూసి నవ్వింది. "నేను చేస్తాలేవే. ముందు మీ నాన్నని చెయ్యమను. తౌనో, గుంజలా నిలబడతావేం? చేతులెత్తు!"

ఆరోజు ఆయన ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తాడు, కళ్లనీళ్లు గడ్డం మీదికి జారుతున్నా తుడుచుకోకుండా. మెర్వి కూడా కుర్చీ లాక్కుని చేతులెత్తింది. ముగ్గురూ కలిసి ఐదూ చేశారు. ఇర్మా చేతులు దించింది. వీడియో ఆగిపోయింది.

"సాయంత్రం అందరికీ చెప్పేస్తాను నాన్నా, అమ్మ లేదని."

తౌనో తలూపాడు. చేతులు మాత్రం దించలేదు.

"అయిపోయాయి నాన్నా."

"ఇంకో ఐదు," అన్నాడు తౌనో.