తప్పు చోట హుక్కు

అక్క సూట్‌కేసు సర్దుతోంది. చెల్లెలు ఒక్కొక్క జాకెట్టే బయటికి తీసి మళ్ళీ మడత పెడుతోంది. అలాగైనా బండి టైము దాటిపోతుందని ఆశ.

"ఏడాదేగా! ఆ ఫ్యాక్టరీ వాళ్ళు నన్నక్కడే ఉంచేసుకుంటారా ఏంటే?" అంది అక్క.

అప్పుడే పెయింటర్ కొత్త బోర్డు తెచ్చి కొట్టు గుమ్మానికి ఆనించాడు. ఇంగ్లిషు అక్షరాల్లో 'సిస్టర్స్ టైలరింగ్'.

చెల్లెలు చూసింది. "ఏమండీ, ఈ ఇంగ్లిషు ఏ సంతలో కొన్నారు? చివరి ఎస్‌కి ముందు ఆ హుక్కేంటి?"

"దాన్ని అపాస్ట్రఫీ అంటారండీ."

"పేరు తెలుసు, పాపం, చోటే తెలీదు. ఎస్‌కి ముందు పెడితే కొట్టు ఒక్క సిస్టర్‌ది. ఎస్ తర్వాత పెడితే ఇద్దరిదీ. మేమెంతమందిమి? వేళ్ళు చాలకపోతే నావి అప్పిస్తా."

పెయింటర్ సూట్‌కేసు వైపు చూశాడు. "ఒకరు వెళ్ళిపోతున్నారుగా. గ్రామర్ కరెక్టే."

చెల్లెలు మడత పెట్టిన జాకెట్టునే మళ్ళీ మడత పెట్టింది.

"దీని నోరు మూయించిన మొదటి మగాడివయ్యా," అంది అక్క. "కానీ హుక్కు మార్చు. నేనొస్తాను."

అతను తలొంచుకుని, టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, ఎస్ తర్వాత పెట్టాడు.

ఆ తర్వాత వాన పడ్డప్పుడల్లా ప్రత్యక్షం. బోర్డు చూడాలట.

"ఎనామిల్ రంగు వానకు పోతుందా?"

"పోదండీ."

"మరి?"

"పోలేదని చూసుకోవద్దా?"

"అబ్బో, ఎంత బాధ్యతో! గొడుగు తెచ్చుకునే తెలివి మాత్రం లేదు."

ఒకరోజు తడిసి ముద్దై నిలబడి గొణిగాడు. "ఓ డౌటండీ. 'పెయింటర్స్ వైఫ్' అని రాయాలంటే హుక్కెక్కడ?"

కుట్టుమిషను ఆగింది.

"ఎస్‌కి ముందే," అంది చెల్లెలు, సూదికేసి చూస్తూ. "పెయింటరు ఒక్కడే ఉండాలి మరి. రెండోవాడొస్తే నేను కుట్టలేను."

అక్కకు ఫోను చేస్తే, "పెళ్ళి జాకెట్టు ముట్టుకోకు, నేనొచ్చి కుడతా. నీ చేతి హుక్కులు ఊడిపోతాయి," అంది.

ఇప్పటికీ ఏటా బోర్డుకు కొత్త రంగు వేసేది ఆ పెయింటరే.

"కొట్లో మీ ఆవిడొక్కతేగా? హుక్కు తప్పు చోట పెట్టావు," అంటారు ఇంగ్లిషు తెలిసినవాళ్ళు.

"నాకు గ్రామర్ రాదండీ," అంటాడు. ఎస్ తర్వాతే పెడతాడు.

అక్క తిరిగి రాలేదు. వెళ్ళిన ఏడాదే, చలికాలం మొదట్లో, ఆ ఫ్యాక్టరీ ఊళ్ళోనే జ్వరంతో పోయింది.