కట్ చెప్పకముందు

“ఇరవైలో పెట్టమన్నానా లేదా?”

“ఇరవై ఆరు చాలు జగదాంబా. ఇరవైలో పెడితే మిషన్ గురక పెడుతుంది.”

“మీ గురక ముప్ఫై ఏళ్లుగా భరించట్లేదూ! రిమోట్ ఇటివ్వండి.”

పట్టాభిరామయ్య ఇవ్వలేదు. రిమోట్‌ని చొక్కా జేబులో వేసుకుని, పైన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. జగదాంబ గోంగూర పళ్లెం విసురుగా బల్ల మీద పెట్టింది. మే నెల. ఫిలింనగర్‌లో పై అంతస్తు. పొద్దున పదకొండుకే గోడలు కాలుతున్నాయి.

ఆయన సినిమాల్లో సౌండ్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలినా చెవులు వదల్లేదు. కూతురు భావన డబ్బింగ్ ఆర్టిస్ట్. ఎక్కువగా ఇంట్లో తన గదిలోనే రికార్డింగ్ చేసుకుంటుంది. మార్చిలో ఆ గదికి కొత్త ఏసీ కొన్నారు. అప్పటినుంచీ ఆ గదిలో ఆయనకు ఒక చప్పుడు వినిపిస్తోంది. టిక్. కాసేపాగి మళ్లీ టిక్. జగదాంబకు ఎంత చెవి పెట్టినా వినపడదు. భావనను అడిగితే, “ఏమో నాన్నా, అరవింద్ గారిని పిలుద్దాం” అంటుంది.

బెల్ మోగింది. ఆ అరవిందే వచ్చాడు.

ఆ ఏసీ బిగించింది అతనే. ఇంటివాళ్లు చెప్పకుండానే బూట్లు బయట విప్పుతాడు. మంచం మీద దుమ్ము పడకుండా తన సంచిలోంచే దుప్పటి తీసి కప్పుతాడు. అలాంటి మెకానిక్‌ని జగదాంబ ఇంకెక్కడా చూడలేదు. భావన అయితే ఆ దుప్పటి మడత పెట్టే తీరు కూడా చూస్తూ ఉండిపోతుంది.

“ఇది మూడో సర్వీస్ కదా?” అంది భావన గుమ్మంలో నిలబడి.

“అవును మేడమ్. ఫ్రీ సర్వీసులు గీడికి అయిపోయినయ్.” నిచ్చెన ఎక్కి ఫిల్టర్ బయటికి లాగాడు. “ఇంత నీట్ ఫిల్టర్ ఎవరింట్ల చూడలే.”

“ఇది పొగడ్తా?”

“మా లైన్‌ల దీనికంటే పెద్ద పొగడ్త లేదు.”

భావన నవ్వింది. అతను నవ్వలేదు. ఫిల్టర్ తిప్పి తిప్పి చూస్తూ అన్నాడు. “రేపటి నుంచి నన్ను టోలిచౌకి ఏరియాకు వేసిండ్రు. ఇగ ఈడికి వేరేటోళ్లొస్తరు.”

ఆమె నవ్వు ఆగిపోయింది. “అంటే మీరింక రారా?”

“పిలిచినా పంపరు మేడమ్.”

అతను అవుట్‌డోర్ యూనిట్ చూడ్డానికి ఆ గది బాల్కనీలోకి వెళ్లాడు.

అక్కడ ఏసీ నీళ్లు కారే పైపు కింద జగదాంబ నీలం బకెట్ ఉంది. ఆ నీళ్లతోనే ఆవిడ ఇల్లు తుడుస్తుంది. ఒక చుక్క పడింది. టిక్. అరవింద్ వంగి చూశాడు. మళ్లీ టిక్. పక్కనే రెయిలింగ్ మీద మడత పెట్టిన తుండుగుడ్డ ఉంది, ఇంకా తడిగా. దాన్ని బకెట్‌లో వేసి చూశాడు. చప్పుడు లేదు. తీశాడు. టిక్.

తుండుగుడ్డతోనే గదిలోకి వచ్చి ఏదో అడగబోయాడు. హాల్లోంచి కేక వినిపించింది.

“రూమ్ టోన్! తలుపు వెయ్యండి. ఎవరూ మాట్లాడకూడదు.”

ఆ ఇంట్లో ఇదొక నియమం. ఏసీకి ఏ రిపేరు చేసినా, గది నిశ్శబ్దాన్ని ఒక్క నిమిషం రికార్డు చేయాల్సిందే. మైకు వైరు తలుపు సందులోంచి హాల్లోకి పోతుంది. అక్కడ పట్టాభిరామయ్య హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాడు. వంటింట్లో జగదాంబ పొయ్యి ఆర్పేస్తుంది.

గదిలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. భావన తుండుగుడ్డ చూసింది. వెంటనే ఏసీ వైపు చూసింది. తర్వాత సీలింగ్ వైపు. అరవింద్ కనుబొమలు ఎగరేశాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఫోన్‌లో పెట్టిన టైమర్‌లో నిమిషం పూర్తయింది.

“ఇదేంది మేడమ్?”

“తుండుగుడ్డ.”

“అది నాకూ కనిపిస్తుంది. మీ రికార్డింగ్ ఉంటే బకెట్‌ల వేస్తరు. నేనొచ్చే రోజు తీసేస్తరు. గంతేనా?”

“మొదటి వారమే కనిపెట్టాను.”

“మరి మీ నాన్నగారికి చెప్పలేదేంది?”

“చెబితే మీరు మళ్లీ వస్తారా?”

అరవింద్ నిచ్చెన పట్టుకున్నాడు. మెల్లగా అన్నాడు. “నన్ను పోయిన నెలనే టోలిచౌకి పొమ్మన్నరు. ఈ ఒక్క ఇల్లు చేసి పోతనని మేనేజర్‌ను బతిమాలుకున్న.”

“ఎందుకు?”

“ఫిల్టర్ నీట్‌గ ఉంటది కద.”

“అరవింద్ గారూ, సరిగ్గా చెప్పండి.”

“మీరంటే ఇష్టం. మీ లెక్క డైలాగ్ చెప్పరాదు నాకు.”

“సింగిల్ టేక్‌లో ఓకే అయింది,” అంది భావన.

ఎండలో ఎక్కడికెళ్తావంటూ జగదాంబ అరవింద్‌ని భోజనానికి కూర్చోబెట్టింది. పట్టాభిరామయ్య గోంగూర పచ్చడన్నం సగం తిన్నాక తలెత్తాడు.

“ఆ చప్పుడు నీ బకెట్‌దేనట జగదాంబా.”

భావన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “మీకెలా తెలుసు నాన్నా?”

“నేను కట్ చెప్పానా?”

అరవింద్ నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

“ఎన్నో వందల ప్రేమ డైలాగులు రికార్డు చేశాను. ఫిల్టర్ గురించి చెప్పినవాణ్ణి ఇప్పుడే విన్నాను.” పట్టాభిరామయ్య కూతురి వైపు చూశాడు. “నీకు సమ్మతమైతే ఆదివారం నేనూ మీ అమ్మా వీళ్లింటికి వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడతాం. ఏమంటావు?”

భావన తల వంచుకుని ఊఁ అంది.

“ఇల్లెక్కడ బాబూ?”

“రహమత్ నగర్ సార్. ఇంట్ల చెప్పి పెడత.” కాస్త తటపటాయించాడు. “మా ఇంట్ల ఏసీ లేదు, కూలరే. జర చప్పుడెక్కువ.”

పట్టాభిరామయ్య ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. “పరవాలేదు.”

“నాతో ఒక్క మాట అనకుండానే నిర్ణయించేశారా?” అంది జగదాంబ.

“నీకు కొత్తగా చెప్పేదేముంది? ఇందాక హెడ్‌ఫోన్స్‌లో ఒక చెవి లాక్కుని నువ్వూ విన్నావుగా!”

జగదాంబ అరవింద్ అన్నంలో ఇంకో గరిటె నెయ్యి వేసింది. పట్టాభిరామయ్య జేబులోంచి రిమోట్ తీసి, ఆవిడ కంచం పక్కన పెట్టాడు.