మబ్బుదిబ్బ జనానికి పొడుగు చేతులు

"కిందికి దిగండి. మీ చేతులు కావాలి."

నిచ్చెన మీదున్న మనిషికి ఇలాంటి మాట వినపడితే ఏం చేస్తాడు? ఫోకస్ లైటుకు బిగిస్తున్న స్క్రూ జారవిడిచాడు. అది టంగుమని స్టేజి మీద పడి, దొర్లుకుంటూ పోయి, ఆ మాటన్న అమ్మాయి చెప్పు దగ్గర ఆగింది. ఆమె దానివైపు చూడనైనా లేదు. మెడలో టేపు, జడలో పెన్సిలు, మొహంలో నవ్వు జాడే లేదు.

అతను ఒక నాటక కంపెనీలో లైట్లు చూసుకుంటాడు. మనిషి బాగా పొడుగు, పైగా రోజంతా నిచ్చెన మీదే కాపురం. అందుకే అందరూ అతన్ని నిచ్చెన అనే పిలుస్తారు. ఆమె కొత్తగా వచ్చిన కాస్ట్యూమ్ డిజైనర్. వచ్చిన వారంలోనే సూది అన్న పేరు తెచ్చుకుంది, కుట్టు వల్ల సగం, మాట వల్ల సగం.

అతను దిగాడు. ఏం తప్పు చేశాడో తెలియకపోయినా ముందుజాగ్రత్తగా సారీ చెప్పాడు. ఎందుకని ఆమె అడిగితే తెలీదన్నాడు. ఆమె అతని చేతులు రెండూ చాపించి, టేపు పెట్టి కొలిచి, దొరికాయి అనుకుంటూ వెళ్ళిపోయింది.

అసలు సంగతి పిన్ని చెప్పింది. ఆమె సూదికి సొంత పిన్ని, కాస్ట్యూమ్ గదికి పెద్ద దిక్కు, ఆ వరసన కంపెనీ మొత్తానికీ పిన్ని. పిల్లల కోసం కొత్త నాటకం వేస్తున్నారు. అందులో మబ్బుల మీద ఒక దిబ్బ, ఆ దిబ్బ మీద ఒక జనం. ఆ జనం ఎలా ఉంటారో, ఏం కట్టుకుంటారో ఊహించే పని సూదిది.

ఊహించడమంటే మామూలుగా ఊహించలేదు. లేత ఆకుపచ్చ ఒళ్ళు. కొసలు వంగిన ఆకుల్లాంటి చెవులు. కనుబొమ్మలు ఎంత పొడుగంటే, జడల్లా అల్లి చెవుల వెనక్కి కట్టుకుంటారు. మెడ చుట్టూ బూడిదరంగు నూగు, చలికాలంలో తెల్లబడుతుంది. చేతులు మోకాళ్ళ దాకా ఉంటాయి. మబ్బు మీద నడిచేవాళ్ళకు ఎప్పుడు కాలు దిగబడుతుందో తెలీదు కాబట్టి పక్కవాళ్ళని అందుకోవాలి కదా. బట్టలకు గుండీలూ హుక్కులూ ఉండవు, తడికి తుప్పు పడతాయని అన్నీ ముడులే. స్లీవులు వేళ్ళు దాటి వేలాడతాయి.

మొదటి కాస్ట్యూమ్ ఎవరైనా పొడుగు చేతుల మనిషికి తొడిగి, గుడ్డ ఎలా జారుతుందో చూసుకోవాలి. ఆ తర్వాత ఆరుగురు నటుల కొలతలూ తీసుకుని, ఎవరికి తగ్గట్టు వాళ్ళకి కత్తిరించాలి. అదీ పద్ధతి.

అలా నిచ్చెనకు రోజూ మధ్యాహ్నం కాస్ట్యూమ్ గదిలో నిలబడే ఉద్యోగం పడింది. ఆమె స్టూలెక్కి అతని భుజాల దగ్గర గుడ్డ సర్దేది. నోట్లో గుండుసూదులు, కళ్ళలో లెక్కలు. కదలొద్దనేది. ఊపిరి కాస్త మెల్లగా తీసుకోమనేది. అసలే ఆమె అంత దగ్గరగా నిలబడితే ఊపిరి ఆడటమే కష్టంగా ఉందని అతను ఎలా చెబుతాడు?

అర్థం కానిదల్లా ఆమె ధోరణి. ఒకరోజు అతని భుజం వైపు అదే పనిగా చూస్తూ, మీరు లేకపోతే ఈ జనమే లేరండీ అంది. అతను గాల్లో తేలాడు. మరుక్షణమే, కాస్త పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డొస్తున్నారు అంది. అతను నేలకు దిగాడు. మర్నాడు అతని కోసం టీ తెప్పించింది. అతను మురిసిపోయి తాగబోతే, స్లీవు మీద ఒలికితే చంపేస్తానంది. టీ తనకా, స్లీవుకా? ఆ గందరగోళంలో ఆ సాయంత్రం రిహార్సల్‌లో సూర్యోదయానికి నీలం లైటు వేశాడు. డైరెక్టర్ గారు చాలాసేపు తిట్టారు.

ఒకరోజు బయట వాన. గదిలో కరెంటు లేదు. కిటికీ దగ్గర కూర్చోబెట్టి అతని మొహానికి ఆకుపచ్చ రంగు పూస్తోంది. వాన చినుకులు కిటికీ అద్దం మీద పరుగు పందేలు పెట్టుకుంటున్నాయి. బ్రష్ అతని చెంప మీద ఉన్నట్టుండి ఆగిపోయింది.

అతను ధైర్యం కూడగట్టుకుని, ఈ జనం ఒకరి మీద ఒకరికి ఇష్టం కలిగితే ఎలా చెప్పుకుంటారని అడిగాడు. ఆమె బ్రష్ కొసను వేలితో నొక్కింది. వాళ్ళకి చెప్పడం చేతకాదండి అంది. తర్వాత ఎందుకో అవసరం లేకపోయినా బ్రష్ కడగడానికి వెళ్ళింది, వానలో, గొడుగు లేకుండా.

మర్నాడు వెళితే, కాస్ట్యూమ్ అయిపోయింది, ఇక మీరు రానక్కర్లేదు, థాంక్సండి అంది. అతని వైపు చూడకుండా అంది. అంతే.

చేతుల కోసమే పిలిచింది, పని అయిపోయింది, పంపేసింది. అంతవరకు అతనికి బాగానే అర్థమైంది. అర్థమయ్యాక మరీ బాధగా ఉంది.

నాటకం ఇంకా రెండు రోజులుందనగా పొద్దున్నే కాస్ట్యూమ్ రిహార్సల్ పెట్టారు. నిచ్చెన పైన లైట్ల దగ్గరున్నాడు. తెర లేచింది. దిబ్బకు పెద్ద వేషం కట్టిన నటుడు గంభీరంగా అడుగులో అడుగు వేస్తూ వచ్చాడు. మనిషి పొట్టి, బొద్దు. అతని స్లీవులు నేల ఊడుస్తూ వచ్చాయి. వెనకున్న రాణి వాటిని తొక్కింది. దిబ్బ పెద్ద వెల్లకిలా పడ్డాడు. లేపడానికి వచ్చిన సైనికుడు తన అంచు తనే తొక్కుకుని ఆయన మీద పడ్డాడు. కాసేపటికి స్టేజి మీద ఒక ఆకుపచ్చ కుప్ప, అందులోంచి మూలుగులు.

డైరెక్టర్ గారు అరవలేదు. అందుకే అందరికీ భయం వేసింది. సాయంత్రానికల్లా ఇవన్నీ సరికాకపోతే ఇంకో డిజైనర్‌ని చూసుకుంటానని మెల్లగా అన్నారు.

పిన్ని ఒక్కో కాస్ట్యూమ్‌కీ టేపు పెట్టింది. ఆరింటికీ ఒకటే కొలత. దారం వాసి తేడా లేదు.

"ఎవరి కొలతలే ఇవి?" అంది పిన్ని.

సూది తలెత్తలేదు. 

నిచ్చెన గబగబా దిగి వచ్చాడు. తప్పు తనదేనన్నాడు. నటులందరూ ఎత్తు చెక్కబూట్లు వేసుకుంటారని తనే ఆమెకి చెప్పానన్నాడు. లైట్ల మనిషి బూట్ల సంగతి ఎందుకు చెప్పాడని డైరెక్టర్ గారు అడిగితే, బూట్ల మీద లైటు పడుతుంది కదండీ అన్నాడు. డైరెక్టర్ గారు తల పట్టుకున్నారు.

"ఆయన అబద్ధమాడుతున్నారు," అంది సూది. "ఎవరూ ఏమీ చెప్పలేదు. తప్పు నాదే."

పిన్ని ఒకసారి సూదిని చూసింది, ఒకసారి ఇతన్ని చూసింది. ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని, ఇద్దరూ గదిలోకి నడవండి, కత్తెర నేను తెస్తానంది. కత్తెర గదిలోనే ఉంది. ఆమె మాత్రం రాలేదు.

గదిలో ఆరు కాస్ట్యూములు, ఇద్దరు మనుషులు. ఆమె నటుల దగ్గరికెళ్ళి కొలతలు తీసుకొచ్చి స్లీవులు కత్తిరిస్తుంటే, అతను అంచులు మడిచి గుండుసూదులు గుచ్చుతున్నాడు. సగం అతని వేళ్ళకే గుచ్చుకుంటున్నాయి.

ఒకటి వేలినుంచి పీక్కుంటూ అతను అడిగాడు.

"నటుల కొలతలు ముందే ఎందుకు తీసుకోలేదు?"

"మర్చిపోయాను."

"మీరా?"

"నేనే." కత్తెర ఆగింది. "ఆ జనం ఎలా ఉంటారా అని కళ్ళు మూసుకుంటే మీరే కనిపించేవారు. అలాగే కత్తిరించుకుంటూ పోయాను. వీటిని వేరేవాళ్ళు తొడుక్కుంటారన్న సంగతే గుర్తురాలేదు. ఆరుగురూ మీరే."

అతను వరసగా ఆరు కాస్ట్యూముల వైపూ చూశాడు.

"రాణి కూడానా?"

"రాణి కూడా."

అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"మరి రానక్కర్లేదన్నారు?"

"మీరుంటే సూటిగా కత్తిరించలేకపోతున్నాను. లేకపోతే కుదురుతుందేమో అనుకున్నాను." ఆమె కిందికి చూస్తూ అంది. "కుదరలేదు. మీరసలు ఎందుకు అబద్ధమాడారు?"

"మిమ్మల్ని పంపేస్తారేమోనని."

"పంపేస్తే మీకేంటి?"

ఇన్నాళ్ళూ ఈ అమ్మాయి ఏం మాట్లాడినా అర్థంకాక సతమతమైన మనిషికి, తన జవాబు మాత్రం చాలా సులువుగా దొరికింది.

"మీరు లేకపోతే నేను ఆ నిచ్చెన ఎక్కలేనండి. ఎక్కినా పైనుంచి మీకోసమే వెతుకుతాను. నాకు మీరంటే ఇష్టం. చేతులే కాదు, మిగతాది కూడా తీసుకోండి."

ఆమె మొహంలో నవ్వు మెల్లగా బయల్దేరి, కళ్ళ దాకా వచ్చి, అక్కడే ఉండిపోయింది. సరే, తీసుకుంటాను అంది. అని, ఆ మడత వంకరగా పెట్టారు, విప్పి మళ్ళీ పెట్టండి అంది.

సాయంత్రం దిబ్బ పెద్ద మళ్ళీ నడిచి వచ్చాడు. పడలేదు. రాణి ఎవరినీ తొక్కలేదు. డైరెక్టర్ గారు నటుల్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇదేదో పొద్దునే చేసి ఉండొచ్చు కదమ్మా అని గొణిగి వెళ్ళిపోయారు. అంటే ఉద్యోగం ఉన్నట్టే.

నటులు వెళ్ళిపోయాక పిన్ని ఫోన్ తీసింది. సూది కంగారుగా, ఎవరికి పిన్నీ అంది. మీ అమ్మకే అని, వద్దు వద్దంటున్నా వినకుండా పిన్ని కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"అక్కా, నేనే. అబ్బాయి దొరికాడు. ఆ, అమ్మాయే చూసుకుంది, కొలతలు కూడా తీసేసుకుంది. మంచివాడు. అబద్ధమాడటం బొత్తిగా రాదు." పిన్ని అతన్ని పైనుంచి కిందిదాకా, అంటే చాలాసేపు, తేరిపార చూసింది. "ఒక్కటే ఇబ్బంది. మన గుమ్మాలు కాస్త ఎత్తు చేయించాలే."

నిచ్చెన అక్కడికక్కడే, ఎదురుగా గుమ్మం లేకపోయినా, తల కాస్త వంచి చూసుకున్నాడు.