కంపెనీ చెంచా

"ఆ సోనార్ డ్రాయింగులు ఇవాళ గేటు దాటాయంటే, జలాంతర్గామిలో ఉన్న మనవాళ్లు శత్రువుకి గాజుతొట్టిలో చేపలే," అన్నాడు చీఫ్. "దొంగ నీతో పనిచేసిన కేతకి సబ్నీసే. మన జీతమూ తింటోంది, వాళ్ల జీతమూ తింటోంది. ఊరికే ముట్టుకుంటే ఢిల్లీ నుంచి ఫోనొస్తుంది. సరుకుతో పట్టుకో."

ఏజెంట్ వసుధా కార్ఖానీస్ క్యాంటీన్ తనిఖీ అధికారిణి వేషంలో ఆ పుణె కంపెనీలో దిగింది. డైరెక్టర్ పటవర్ధన్ గర్వంగా గోడమీది రాత చూపించాడు. 'మనదొకే కుటుంబం. మన మధ్య రహస్యాల్లేవు.'

"డ్రాయింగులు ఎవరు తెరవొచ్చు సాహెబ్?"

"అందరూ! తోటమాలి దాకా. మా సలహాదారు కేతకి మేడమ్ ఐడియా. తాళం వేస్తే మనసులు మూసుకుపోతాయట."

"మరి నేను?"

"మీరు బయటివారు కదా తాయీ. మూడు సంతకాలు కావాలి. వారం పడుతుంది."

దొంగకి తలుపులు బార్లా, కాపలాకొచ్చినవాళ్లకి సంతకాలు! వసుధకి ఒళ్లు మండింది.

"ఊరగాయ ఇంటిల్లిపాదీ తింటారు సాహెబ్. అలాగని జాడీలో తలా ఓ చెయ్యి పెట్టరు."

"పాతకాలం మాటలు!" పటవర్ధన్ నవ్వాడు. "అయినా మాకు కట్టుదిట్టం లేదనుకోకండి. క్యాంటీన్ చెంచాలు పోతున్నాయని ఒక్కోదాని మీదా నంబరు చెక్కించా. ఎవరి సంచీలోనైనా చెంచా కనిపిస్తే మొత్తం కుమ్మరించాల్సిందే. నేనైనా సరే."

మధ్యాహ్నం క్యాంటీన్‌లో కేతకి వచ్చి, సంచీ బల్ల కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. పైఠణీ చీర, నల్లకళ్లద్దాలు, మత్తెక్కించే సెంటు.

"పాపం వసూ, ఇంకా సిటీ బస్సులేనా?" గొంతు తగ్గించి నవ్వింది. "సరుకు నా దగ్గరే ఉంది. వెతుకు చూద్దాం."

"నాకెందుకే తల్లీ. మిసళ్ చల్లారిపోతోంది, తిను," అంది వసుధ. ఆమె చెయ్యి బల్ల కిందికి వెళ్లి వచ్చింది.

సాయంత్రం గేటు బయట కారు ఇంజన్ ఆన్‌లో ఉంది. కేతకి ఒక కాలు లోపల పెట్టింది.

"ఆగండి మేడమ్!" వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "సంచీలోంచి చెంచా కాడ కనిపిస్తోంది."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు మేడమ్. చెంచా మాత్రం కంపెనీది."

సంచీని గేటు దగ్గరి బల్లమీద కుమ్మరించాడు. లిప్‌స్టిక్ దొర్లి కిందపడి మూత ఊడింది. లోపల రంగు లేదు, మెమరీ చిప్ ఉంది. కేతకి అందుకునే లోపు, వెనకే వచ్చిన వసుధ చెప్పు దానిమీద పడింది. సంకెళ్లు పడ్డాయి.

పటవర్ధన్ రొప్పుతూ వచ్చాడు. "దొరికిందా తాయీ?"

"దొరికాయి సాహెబ్. డ్రాయింగులన్నీ."

"అవి కాదండీ, చెంచా!"

వసుధ చెంచా అతని చేతిలో పెట్టి, ముట్టినట్టు సంతకం పెట్టించుకుంది.