నూనె డబ్బా రేకు

తుప్పు పట్టిన కారుకి డీజిల్ ఇంజిన్ ఎక్కించొచ్చా లేదా అన్నది కంటితో చూస్తే తేలదు. సుత్తితో తట్టాలి. గట్టి ఇనుమైతే ఖంగుమంటుంది, తుప్పు తిన్నదైతే డొల్లగా పలుకుతుంది. కిర్గిజ్ కొండల్లోని నారిన్ ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఇదే నా పని. ఒక్కసారే తప్పు తీర్పు చెప్పాను.

ఆ మధ్యాహ్నం మా తమ్ముడు తుర్దుబెక్ ఓ పాత వోల్గా కారుని ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చాడు. కొత్తగా వేసిన నీలం రంగు. ఇంజిన్ ఎప్పుడో పీకేశారు. వెనక సీట్లో వాడి అయిదేళ్ల కూతురు ఐజిరెక్ మహారాణిలా కూర్చుంది.

"గుర్రాన్నమ్మి కొన్నానన్నా! వ్యాను ఇంజిన్ సిద్ధంగా ఉంది. నువ్వు ఊఁ అంటే రేపే ఎక్కిద్దాం. పిల్లని దీంట్లోనే కనుమ దాటించి బడికి తీసుకెళ్తా."

"పెళ్లాన్ని అడక్కుండానే అమ్మేశావా? ఇవాళ నీకు రొట్టె కాదురా, రొట్టెలకర్రే!"

వాడు నవ్వుకుంటూ పిల్లని తీసుకుని చాయ్ తాగడానికి ఇంట్లోకి వెళ్లాడు. బయట మంచు దట్టంగా కురుస్తోంది. మూడు గంటలకే షెడ్డులో చీకటి కమ్మింది. నేనొక్కణ్నే కారెక్కి తట్టడం మొదలుపెట్టాను. ఖంగు... ఖంగు... వెనక సీటు ముందున్న రబ్బరు చాప ఎత్తి తట్టాను.

డొల్ల.

నల్లటి తారు. దాని కింద నూనె డబ్బా రేకు. మూలన వంకర కోత. అది నా కత్తెర కోతే!

తొమ్మిది చలికాలాల కిందట ఈ కారు తెల్లగా ఉండేది. ఓ బడి మాస్టారిది. అడుగున పెద్ద చిల్లు పడితే, వెల్డింగుకి బద్ధకించి రేకు పెట్టి తారు పూశాను. "భేషుగ్గా ఉంది, వెళ్లండి" అన్నాను. భార్యతో, చిన్న కూతురితో వెళ్తూ కనుమ మీద మంచులో చిక్కుకున్నారు. మాస్టారు సాయం కోసం నడిచి వెళ్తే, తల్లీ కూతురూ వెచ్చదనానికి ఇంజిన్ ఆపకుండా వెనక సీట్లో పడుకున్నారు. రేకు సందుల్లోంచి ఇంజిన్ పొగ లోపలికెక్కింది. మరి లేవలేదు. అందరూ విధి అన్నారు. సిగ్గులేకుండా నేనూ అదే అన్నాను.

రేకు మీద ఒక్కసారి తట్టాను.

కింద నుంచి ఎవరో ఒక్కసారి తట్టారు.

రెండుసార్లు తట్టాను. రెండుసార్లు...

అప్పుడొచ్చింది వాసన. పెట్రోలు పొగ. ఇంజినే లేని కారులో...

స్క్రూడ్రైవర్ గుచ్చి రేకుని పీకి పారేశాను. అరచెయ్యి తెగింది. తల పట్టేంత చిల్లు. దాంట్లోంచి నేల కనబడింది. కింద ఎవరూ లేరు. ఇంట్లోకి పరుగెత్తి, "ఒరేయ్, ఆ కారు వద్దురా!" అని ఏడుస్తూ అంతా చెప్పేశాను. తమ్ముడి మొహం పాలిపోయింది. నా వెంట షెడ్డుకి వచ్చాడు. మాకంటే ముందే పిల్ల పరుగెత్తి కారెక్కేసింది.

చాప ఎత్తాను.

చిల్లు లేదు. రేకు ఉంది. తారు తళతళలాడుతోంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. దాని మీద నాలుగు చిన్న వేళ్ల అచ్చులు...

తమ్ముడు కాలితో గట్టిగా తొక్కాడు. ఖంగుమంది.

"ఇదా అన్నా చిల్లు? హడలగొట్టేశావు! ఆ వేళ్లు మా దానివే, పొద్దున్నుంచీ ఇందులోనే గెంతుతోంది. రేపే ఎక్కిద్దాం."

తెగిన చెయ్యి చూపించాను. "కట్టు కట్టుకో" అన్నాడు. తొమ్మిదేళ్లకి నిజం చెబితే నమ్మేవాడే లేకపోయాడు. నేను ఎక్కించకపోతే ఇంకొకడు ఎక్కిస్తాడు.

ఐజిరెక్ చేతులు లాక్కుని చూశాను. తెల్లగా ఉన్నాయి. తారు మరక ఒక్కటీ లేదు. సీటంతా ఖాళీగా ఉన్నా, పిల్ల ఓ మూలకి జరిగి కూర్చుంది.

"పెదనాన్నా," అంది గుసగుసగా. "కిటికీ మూసెయ్యవా... అక్కకి చలేస్తోందట."